తెల్లారగట్ల ఒకటి, మూడింటికి ఒకటి

(ఉండి, ఆకివీడు మధ్య ఒక ఊళ్లో సెప్టెంబరు నెలాఖరున జరిగిన ఆక్వా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండీ. పెద్దలకి, అన్నలకి, గట్టు మీద పని వదిలేసి వచ్చిన తమ్ముళ్లకి నమస్కారం. అక్కలు వెనకాల కూర్చున్నారు. ఇక్కడ ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా. మీ ఇళ్లల్లో చెరువు పుస్తకం రాసేది చాలావరకు మీరే కదా.

ఈ బోర్డు మీద ఒక అంకె కనబడుతోంది చూడండి. 7.6. ఇవాళ తెల్లారగట్ల ఐదున్నరకి ఈ షెడ్డు వెనకాల చెరువులో నీళ్లు తీసి పీహెచ్ చూశాను. అంత వచ్చింది. దాని పక్కన గడి ఖాళీగా వదిలేశాను. మూడింటికి మళ్లీ చూసి నింపుదాం. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు గళ్ల మధ్యనే ఉంది.

మనలో చాలామంది వారానికోసారి సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపుతాం. చీటీ వస్తుంది, పీహెచ్ 8.1 అని ఉంటుంది. బాగుంది అనుకుని జేబులో పెట్టుకుంటాం. ఆ 8.1 ఏ టైములో తీసిన నీళ్లది? ఎవర్నడిగినా చెప్పలేరు. టైము లేని పీహెచ్ అంకెకి విలువ లేదండీ. గట్టిగా చెబుతున్నానని అనుకోకండి. మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు పీహెచ్ అంటే ఏంటో రెండు మాటలు. ఇది మనకి తెలియని విద్యేం కాదు. పెళ్లికూతురి కాళ్లకి పారాణి ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లూ అంతే. అదే ఎరుపు మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది. అంటే పులుపు ఉందా, సున్నం గుణం ఉందా అని పసుపు చెబుతుంది. ఎంత ఉందో మాత్రం చెప్పలేదు. ఆ ఎంత అనేదానికి 1909లో సోరెన్సెన్ అనే ఆయన కొలత పెట్టాడు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ లేబొరేటరీలో ఎంజైముల మీద పనిచేసేవాడు. బీరు తయారుచేసే కంపెనీ పెట్టిన లేబొరేటరీ అది. 7 దగ్గర పులుపూ లేదు, సున్నమూ లేదు. కిందకి వస్తే పులుపు, పైకి వెళ్తే సున్నం గుణం.

ఇందులో మనం మోసపోయే చోటు ఒకటుంది. 8కి, 9కి తేడా ఒకటే కదా అనిపిస్తుంది. ఆ ఒకటి అంటే పది రెట్లు. 7 నుంచి 9 అంటే వంద రెట్లు. మీ రొయ్య పొద్దున్న ఒక నీళ్లలోనూ, మధ్యాహ్నం దానికి వంద రెట్లు తేడా ఉన్న నీళ్లలోనూ ఉందంటే దానికెంత కష్టమో ఆలోచించండి. అది తినేది, గుల్ల విడిచేది, ఊపిరి తీసుకునేది అన్నీ ఆ నీళ్లలోనే.

మరి ఒకే చెరువులో అంత తేడా ఎందుకొస్తుంది? నీళ్ల పచ్చదనం వల్ల. కంటికి కనబడని సన్ననాచు నీళ్ల నిండా ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు అది కార్బన్ డయాక్సైడ్‌ని తింటుంది. నీళ్లలో కలిసిన కార్బన్ డయాక్సైడే మన చెరువులో పులుపు. అది తగ్గితే పీహెచ్ పెరుగుతుంది. పొద్దుగూకాక నాచు కూడా మనలాగే ఊపిరి తీస్తుంది. రొయ్యలు, చేపలు, అడుగు బురదలో క్రిములు అన్నీ రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పీహెచ్ దిగుతుంది. సూర్యుడు రాకముందు అన్నిటికంటే తక్కువ, మధ్యాహ్నం రెండు మూడు గంటలకి అన్నిటికంటే ఎక్కువ. అందుకే ఆ రెండు టైములు.

మనం పెంచే వెనామీ రకం రొయ్యకి 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలంటారు. పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా అర పాయింటు దాటకూడదంటారు. శీలావతి, బొచ్చె చేపలు కాస్త ఓర్చుకుంటాయి, 6.5 నుంచి 9 దాకా బతుకుతాయి. ఈ అంకెలు మీకు తెలిసినవే. తేడా ఏ కాలంలో ఎంతుంటుంది, ఎందుకుంటుంది అన్నదే మనం పట్టించుకోం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. 2006 అక్టోబరు నెలాఖరు. మాది చేపల చెరువు, బొచ్చె, శీలావతి. నేనప్పటికే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను, అయినా మా చెరువు పీహెచ్ నేనెప్పుడూ చూడలేదు. వానలు పట్టుకుని నాలుగైదు రోజులు ఎండ లేదు. వాన ఆగాక నాన్న పొద్దున్నే రంగు మారే పీహెచ్ కాగితంతో చూశారు. 7కి కాస్త కింద ఉంది. వాన నీళ్లకి పులిసిపోయిందన్నారు. మందుల షాపులో అడిగితే రాళ్ల సున్నం వెయ్యమన్నారు. ఎంత వెయ్యాలో లెక్క లేదు, చెరువు పెద్దది కాబట్టి కాస్త ఎక్కువే వెయ్యమన్నారు. సున్నం తెచ్చి నానబెట్టి పడవ మీద చల్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయ్యింది. ఆ రోజే మబ్బు విడిచి ఎండ ఫెళ్లున కాసింది.

నాలుగింటికి మా అమ్మ గట్టు మీదకి వెళ్లింది. బొచ్చెలు గట్టు వారకి వచ్చేసి, నోళ్లు పైకి పెట్టి, పక్కకి ఒరిగిపోతున్నాయంట. నాన్న మళ్లీ కాగితం ముంచారు. రంగు కార్డులో చివరి గడి కంటే ముదురు నీలం వచ్చింది. ఇంజన్లు పెట్టి నీళ్లు కొట్టాం. అప్పటికే ఆలస్యమైంది. మూడు రోజులు చచ్చిన చేపల్ని ఏరి గొయ్యి తీసి పూడ్చాం. నాన్న ఆ మూడు రోజులూ అన్నం సరిగా తినలేదు. ఆ షాపు మీద ఆయన ఒక్క మాట అనలేదు. నాకే చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఎందుకంటే జరిగిందేంటో విప్పి చెప్పగలిగే చదువు ఆ ఇంట్లో ఉంది, చెప్పాల్సిన రోజున చెప్పలేదు.

ఏం జరిగింది? ఎండ లేక నాచు చచ్చిపోయింది. చచ్చిన నాచు అడుగున కుళ్లి అమోనియా వదిలింది. పీహెచ్ 7 దగ్గర ఉన్నంతసేపు ఆ అమోనియాలో విషం పాలు వందలో ఒక్కటి కూడా ఉండదు. మన వేడికి, అంటే 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8కి చేరితే వందలో ఏడెనిమిది పాళ్లు విషమవుతుంది. 9కి చేరితే నలభై దాటుతుంది. అమోనియా మొత్తం అంతే ఉంది, పీహెచ్ పెరిగేసరికి విషంగా మారింది. పొద్దున్న పీహెచ్ తక్కువ ఉండటమే ఆ చేపల్ని కాపాడుతోంది. మేం రాళ్ల సున్నం పోసి, పైగా మధ్యాహ్నం ఎండలో పోసి, ఆ కాపుదల తీసేశాం.

అప్పట్నుంచి మా ఇంట్లో పుస్తకం మొదలైంది. ఇదిగో, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒక్కో రోజుకి ఒక్కో గీత. తేదీ, తెల్లారగట్ల పీహెచ్, మూడింటి పీహెచ్, రెంటికీ తేడా, ఎండా మబ్బా, నీటి రంగు, మేత ఎంత. చివర కాస్త చోటు వదిలి ఏదైనా విశేషం ఉంటే రాయడం. నాన్న చేతిరాతలో ఉన్నాయి చాలా పేజీలు. నీళ్లు పడి సిరా కరిగిన చోట మళ్లీ పెన్సిల్‌తో దిద్దారు.

ఈ పుస్తకాన్ని కాలాల వెంట చదివితే ఒక తీరు కనబడుతుంది. కాలువలు వదిలాక, జూలై ఆగస్టుల్లో గోదావరి ఎర్రనీరు వస్తుంది కదా, అప్పుడు పొద్దున్న 7.5, మధ్యాహ్నం 7.8. తేడా ఏమీ ఉండదు. మట్టి నీళ్లలోకి వెలుతురు దిగదు, నాచు పెరగదు. పీహెచ్ ఎంత నిలకడగా ఉందో అని సంతోషపడక్కర్లేదు. ఊపిరి లేని నీళ్లు అవి. మట్టి అడుగుకి దిగి నీళ్లు తేరుకున్నాక, ఎరువు పడ్డాక నెమ్మదిగా తేడా మొదలవుతుంది.

చలికాలం కూడా తేడా తక్కువే. డిసెంబరు, జనవరిలో మంచు విడిచేసరికి తొమ్మిదవుతుంది, పగలు పొట్టి. పీహెచ్ పైకి ఎక్కేది ఆలస్యం, దిగేది త్వరగా. రొయ్యకి అప్పుడు అసలు భయం వైట్‌స్పాట్ అనే తెల్లమచ్చల రోగం, పీహెచ్ కాదు. సంక్రాంతి నాటికి మా పుస్తకంలో రాతలు కూడా బద్ధకంగా ఉంటాయి, అప్పటి సంగతి ఎక్కువ చెప్పను.

వేసవి అలా కాదు. కాలువలు కట్టేస్తారు. కొత్త నీళ్లు రావు, ఉన్న నీళ్లు రోజూ ఆవిరవుతాయి. మేత పడుతూనే ఉంటుంది. నీళ్లు ముదురు ఆకుపచ్చగా మారి, ఒక్కోసారి పైన మీగడ కట్టినట్టు నీలం పచ్చ నాచు తేలుతుంది. మే నెలలో మా పుస్తకంలో పొద్దున్న 7.9, మధ్యాహ్నం 9.2 అని వరసగా పది రోజులు ఉంది. తేడా 1.3. అలాంటప్పుడు పొద్దున్న ఒక్కసారే చూసుకున్నవాడికి 7.9 కనబడుతుంది, హాయిగా ఉంటాడు. రొయ్య మధ్యాహ్నం మేత ముట్టుకోదు. చెక్‌ట్రేలో, అంటే రొయ్య తిన్నదీ లేనిదీ చూడటానికి నీళ్లలో దించే పళ్లెంలో, మేత మిగిలిపోతుంటే రోగమేమో అని మందులు కొంటాం. తేడా ఒకటి దాటుతోందంటే నాచు ఎక్కువైంది, మేత ఎక్కువైంది అని నీళ్లు చెబుతున్నట్టు. ముందు మేత తగ్గించాలి. వీలైతే కొంత నీరు మార్చాలి. బెల్లం, తవుడు నానబెట్టి వేస్తే క్రిములు పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ కాస్త దిగుతుంది. అయితే అవి ఆక్సిజన్ కూడా తినేస్తాయి. కరెంటు ఖర్చు చూసుకుని రాత్రి ఏరేటర్లు, అంటే నీళ్లకి గాలి కలిపే మిషన్లు, ఆపేసే చెరువుల్లో బెల్లం పోయకండి.

ఇక మనకి ముందున్నది వానలు. అక్టోబరు, నవంబరు, తుఫాన్ల కాలం. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

వాన పడితే పీహెచ్ పడిపోతుంది, వాన నీళ్లలో యాసిడ్ ఉంది అంటారు. నిజమే, స్వచ్ఛమైన గాల్లో పడిన వాన చుక్క పీహెచ్ కూడా 5.6 దగ్గర ఉంటుంది, గాల్లో కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల. కానీ లెక్క చూడండి. మీ చెరువులో ఆల్కలినిటీ, అంటే పులుపుని తట్టుకునే నిల్వ, లీటరుకి 100 మిల్లీగ్రాములు ఉందనుకోండి. ఒక లీటరు చెరువు నీళ్లు తట్టుకోగల పులుపుతో పోలిస్తే, ఒక లీటరు వాన నీళ్లలో ఉన్న పులుపు దాదాపు 800వ వంతు. మీటరు లోతు చెరువు మీద పది సెంటీమీటర్ల వాన పడితే పది పాళ్లకి ఒక పాలు నీళ్లు కలిసినట్టు. 100 ఉన్న ఆల్కలినిటీ 91 అవుతుంది. అంతే. ఆ మాత్రానికి పీహెచ్ కూలిపోదు.

మరి పీహెచ్ ఎందుకు పడిపోతుంది? మబ్బు వల్ల. ఎండ లేక నాచు కార్బన్ డయాక్సైడ్ తినడం మానేస్తుంది, ఊపిరి వదలడం మాత్రం మానదు. రెండో రోజుకి నాచు చావడం మొదలవుతుంది. ఆకుపచ్చ నీళ్లు గోధుమ రంగులోకి తిరిగి, ఆ తర్వాత తేటబడతాయి. నీళ్లు తేటగా ఉన్నాయని ఎవరైనా అంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఉప్పు నీటి చెరువుల్లో ఇంకోటి, వాన నీళ్లు తేలిక కాబట్టి పైన పొరలా నిలిచిపోతాయి, కింద నీళ్లకి గాలి అందదు. అడుగు బురద నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, పీహెచ్ తగ్గేకొద్దీ ఎక్కువ విషం. అమోనియాకి సరిగ్గా ఎదురు. అందుకే పీహెచ్ పెరిగితే ఒక భయం, తగ్గితే ఒక భయం.

కాబట్టి మబ్బు పట్టిన రోజునే మేత తగ్గించండి. వాన పడేటప్పుడు ఏరేటర్లు ఆపకండి. తూము పై పలకలు తీసి పైన నిలిచిన వాన నీళ్లు బయటికి వదలండి. అవి చేశాకే సున్నం మాట.

ఆ సున్నం కూడా ఏ సున్నం? సున్నపురాయి పొడి, అదే కాల్షియం కార్బొనేట్, పీహెచ్ 8.3 దగ్గరికి వచ్చేసరికి ఇక కరగదు. పొరపాటున ఎక్కువ పడ్డా చెరువుకి ప్రాణం మీదకి రాదు. డోలమైట్ కూడా దాదాపు అంతే. రాళ్ల సున్నం, దాన్ని నీళ్లతో విరిచిన పొడి సున్నం అలా ఆగవు, పీహెచ్‌ని 10 దాటించేస్తాయి. ఆ రెండూ ఎండిన చెరువు అడుగున చల్లడానికి మంచివి. సీడ్, అంటే రొయ్య పిల్లలో చేప పిల్లలో, ఉన్న నీళ్లలో వద్దు.

ఇందాక ఆల్కలినిటీ అన్నాను. ల్యాబ్ చీటీలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు అని రెండు గళ్లుంటాయి, ఆ రెండూ కలిపితే అదే. మన పెద్దవాళ్ల ఇళ్ల ముందు ధాన్యపు పురి ఉండేది. పురిలో ధాన్యం ఉన్న ఇల్లు ఒక పంట పోయినా తట్టుకుంటుంది. లేని ఇల్లు ఒక్క వానకి రోడ్డున పడుతుంది. చెరువుకి ఆల్కలినిటీ అలాంటి నిల్వ. అది 30 ఉన్న చెరువూ, 150 ఉన్న చెరువూ పొద్దున్న ఒకే పీహెచ్ చూపించొచ్చు. మధ్యాహ్నానికి మొదటిది 9.5కి ఎగురుతుంది, రెండోది 8.4 దగ్గర నిలబడుతుంది. చేపలకి కనీసం 50, వెనామీకి 100 పైన ఉండేలా చూసుకోండి. గుల్ల విడిచిన రొయ్య రోజులు గడిచినా మెత్తగానే ఉందంటే ముందు చూడాల్సిన వాటిలో ఇదొకటి.

పెంచాలంటే లెక్క కూడా తేలికే, రాసుకోండి. ఎకరం చెరువు, మీటరు లోతు అంటే సుమారు 40 లక్షల లీటర్లు. అందులో ఆల్కలినిటీ 10 పెరగాలంటే తినే సోడా, అదే సోడియం బైకార్బొనేట్, సుమారు 68 కిలోలు కావాలి. సున్నపురాయి పొడి అయితే మొత్తం కరిగితే 40 కిలోలు, కానీ అది నెమ్మదిగా కరుగుతుంది, మొత్తం కరగదు. లోతు మీటరున్నర అయితే ఒకటిన్నర రెట్లు. షాపులో ఎకరాకి ఇన్ని బస్తాలు అని చెప్పినప్పుడు ఎంత లోతుకి, ఎంత ఆల్కలినిటీ నుంచి ఎంతకి అని అడగండి.

కొలవడం గురించి. అదిగో, అక్కడ బాబాయి చెయ్యెత్తారు. చెప్పండి బాబాయ్.

(ఒక రైతు: మా మీటరులో 7.9 వచ్చింది. అవే నీళ్లు ల్యాబ్‌లో 7.4 అన్నారు. ఏది నిజం?)

రెండూ నిజమయ్యుండొచ్చు బాబాయ్. సీసాలో ఉన్న నీళ్లు బతికే ఉంటాయి. బండి డిక్కీలో చీకట్లో రెండు గంటలుంటే అందులో నాచు ఊపిరి వదులుతూనే ఉంటుంది, పీహెచ్ దిగిపోతుంది. సగం ఖాళీ సీసా కుదుపులకి ఊగితే గ్యాసు బయటికి పోయి పెరగను కూడా పెరుగుతుంది. అందుకే పీహెచ్ గట్టు మీదే చూడాలి. ఆల్కలినిటీకి, అమోనియాకి ల్యాబ్‌కి పంపండి, సీసా అంచు దాకా నింపి, నీడలో, వీలైనంత త్వరగా. చెక్‌ట్రే బల్ల మీద నుంచి, ఏరేటర్‌కి దూరంగా, మోచేతి లోతు దాకా సీసా ముంచి, అక్కడ మూత తీసి పట్టండి. పై నీళ్లు పట్టకండి.

మీటరు వాడేవాళ్లు ఇంకోటి. కింద గాజు బల్బు ఎండిపోకూడదు. మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు ఉండాలి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే ఆ బల్బు పాడవుతుంది. వారానికోసారి బఫర్ నీళ్లలో, అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన నీళ్లలో, సరిచూడాలి, మన చెరువులకి 7, 9.2 బఫర్లు సరిపోతాయి. చుక్కల కిట్ వాడేవాళ్లు రంగు ఎప్పుడూ ఒకే చోట చూడండి, నీలం టార్పాలిన్ కింద నిలబడి చూస్తే రంగు తప్పు కనబడుతుంది.

(మరో రైతు: బోరు నీళ్లు పీహెచ్ తక్కువ చూపిస్తున్నాయి. పెట్టొచ్చా?)

మంచి ప్రశ్న అన్నా. ఇవాళ ఇంటికెళ్లి ఒక పని చెయ్యండి. బోరు నుంచి పట్టిన వెంటనే పీహెచ్ చూడండి. అవే నీళ్లు బక్కెట్లో పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున్న చూడండి. పెరిగితే అది భూమి లోపల కలిసిన కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చిన పులుపు, గాలి తగిలితే పోతుంది. నీళ్లు పైనుంచి చిమ్ముతూ పడేలా పెట్టుకుంటే చాలు. రాత్రంతా ఉంచినా పెరగకపోతే అప్పుడు ల్యాబ్‌కి పంపి ఆల్కలినిటీ చూపించండి. ఆ బక్కెట్ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు.

2009లో వెనామీకి అనుమతి వచ్చాక మన దగ్గర చెరువులో పెట్టే పెట్టుబడి ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. లీజు, సీడ్, మేత, కరెంటు, అన్నిటికీ లెక్క రాస్తున్నాం. ఈ రెండు అంకెలకి మాత్రం పుస్తకంలో చోటు లేదు. ఇవాళ ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్ తెచ్చాను, గళ్లు గీసి ఉంది. వాన మొదలవక ముందు పది రోజులు రాయండి. మీ చెరువుకి మామూలు తేడా ఎంతో తెలిస్తే, తుఫాను వచ్చిన రోజున ఎంత మారిందో తెలుస్తుంది. మామూలేంటో తెలియకుండా మార్పు తెలియదు.

టైము మూడయ్యింది. ఎండ బాగానే ఉంది, పొద్దుటి నుంచి మబ్బు లేదు. నా అంచనా 8.3 అటూ ఇటూ. ఇందాక బల్ల దగ్గర చూశాను, మోచెయ్యి ముంచితే వేళ్లు కనబడనంత పచ్చగా ఉన్నాయి నీళ్లు, కాబట్టి ఇంకా ఎక్కువే రావచ్చు. తమ్ముడూ, ఆ మీటరు, బఫర్ సీసాలు పట్టుకురా. అక్కా, సుద్దముక్క మీ దగ్గరే ఉంచండి, అంకె మీరే రాయాలి. పదండి, గట్టు మీదకి వెళ్దాం.